రంగు ఎక్కడ ఉంటుంది? విద్యార్థుల పోటీకి ఒక పాత ప్రశ్న

మ్యాచింగ్ సెంటర్‌లో చీర పక్కన జాకెట్టు గుడ్డ పెట్టి చూస్తాం. అతికినట్టు సరిపోతుంది. ఇంటికొచ్చి ఎండలో చూస్తే రెండూ వేరువేరు. చీర కట్టే ఇళ్ళలో ఈ అనుభవం కొత్తది కాదు. అందుకే నలుగురికీ చీరలు కొనిపెట్టిన అనుభవమున్న ఆడవాళ్ళు ట్యూబ్‌లైటు కింద రంగును నమ్మరు. గుడ్డను గుమ్మం దాకా తీసుకెళ్ళి పగటి వెలుగులో తిప్పి చూస్తారు. ఆ నాలుగడుగుల నడకలో రెండున్నర వేల ఏళ్ళ ప్రశ్న ఒకటి ఉంది. కొట్టు లోపల కనిపించింది అబద్ధం, గుమ్మం దగ్గర కనిపించింది నిజం అని తీర్పు ఎవరిచ్చారు? మధ్యాహ్నపు ఎండకి ఆ అధికారం ఎక్కడి నుంచి వచ్చింది? పెళ్ళి రాత్రిపూట, దీపాల కింద జరిగేదైతే ఏ రంగు అసలు రంగు?

విద్యార్థులకు రంగుల మీద ఒక పోటీ పెడుతున్నామని, వ్యాసమూ బొమ్మా రెండూ ఉంటాయని, అంశం సూచించమని కొందరు ఉపాధ్యాయులు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ నడకే. సాధారణంగా ఇలాంటి పోటీల్లో ‘నాకు నచ్చిన రంగు’ అని గానీ, ‘రంగులు, వాటి అర్థాలు’ అని గానీ ఇస్తారు. పిల్లలు ఎరుపు కోపానికి, తెలుపు శాంతికి, ఆకుపచ్చ పంటలకి అని రాసేస్తారు. అది ఎక్కాల పుస్తకంలాంటి పట్టిక. దాన్ని ఒప్పజెప్పడానికి రంగు వంక ఒక్కసారి కూడా చూడనక్కర్లేదు. చూస్తే తప్ప రాయలేని, రాస్తే తప్ప గీయలేని ప్రశ్న కావాలి. ‘రంగు ఎక్కడ ఉంటుంది?’ అన్నది అలాంటి ప్రశ్న. దీని మీద ఇప్పటిదాకా ఎవరేమన్నారో, అందులో పదిహేనేళ్ళ పిల్లలు చేత్తో పట్టుకోగలిగింది ఎంతో చూడటం ఈ వ్యాసం పని.

వస్తువులోనే ఉంటుందన్నది మొదటి జవాబు. మన దగ్గర దీన్ని అందరికన్నా నిక్కచ్చిగా చెప్పినవాళ్ళు న్యాయ వైశేషికులు. వాళ్ళ సిద్ధాంతాన్ని పిల్లలకు అర్థమయ్యేంత చిన్న పుస్తకంగా కుదించినవాడు తెలుగువాడే, 17వ శతాబ్దపు అన్నంభట్టు. కాశీకి వెళ్ళినంత మాత్రాన అన్నంభట్టు అయిపోరని నానుడి పుట్టేంత పేరు ఆయనది. ఆయన తర్కసంగ్రహం దేశమంతా తర్కం నేర్చుకునేవాళ్ళకు నేటికీ మొదటి పాఠం. అందులో రూపమంటే కంటికి మాత్రమే అందే గుణం. ఆకారం కంటికీ చేతికీ కూడా అందుతుంది. రంగు చేతికి అందదు. ఆ గుణం ఏడు రకాలు: శుక్లం, నీలం, పీతం, రక్తం, హరితం, కపిశం, చిత్రం. మట్టికి ఈ ఏడూ ఉంటాయి. నీటికి మెరవని తెలుపు, నిప్పుకు మెరిసే తెలుపు.

ఈ జాబితాను తరగతి గదిలో చదివి వినిపిస్తే పిల్లలు వెంటనే పట్టుకునే విషయం ఒకటుంది. నలుపు ఏదీ? శాస్త్రకారుడు మరచిపోలేదు. అక్కడ నీలమే నలుపును కూడా తనలో కలుపుకుంది. మనం నోటితో నల్లనయ్య అంటాం, క్యాలెండర్‌లో కృష్ణుణ్ణి నీలంగా వేస్తాం, రెండిటికీ పేచీ ఉందని ఏనాడూ అనుకోం. బొమ్మ వేసే విద్యార్థికి ఇంతకన్నా మంచి అంశం దొరకదు.

ఏడో రంగు చిత్రం ఇంకా చిక్కయినది. రంగురంగుల గుడ్డను చూసినప్పుడు మనకు కనిపించేది ఎన్ని రంగులు? దారాలకు వేరువేరు రంగులుంటాయి, సరే. కానీ గుడ్డ అనేది దారాల కుప్ప కాదు, వేరే వస్తువు అని నైయాయికుల మతం. గుడ్డ కంటికి కనిపించాలంటే దానికి తనదైన రంగు ఒకటి ఉండి తీరాలి. అది ఎరుపు కాదు, పసుపు కాదు, కనుక ‘చిత్రం’ అనే ఒకే ఒక రంగు. తర్వాతి తార్కికుల్లో కొందరికి ఇది రుచించలేదు. ఒక రంగు వస్తువునంతా ఆవరించాలన్న నియమం ఎందుకు, కొంత మేర ఎరుపు, కొంత మేర పసుపు ఉంటే తప్పేమిటి అన్నారు. అంతకు చాలా ముందే బౌద్ధుడైన ధర్మకీర్తి ఇదే చిక్కుముడిని వస్తువులోంచి తీసి జ్ఞానంలో పెట్టాడు: రంగురంగుల రెక్కలను చూస్తున్నప్పుడు నీకు కలిగే ఎరుక ఒకటా, అనేకమా? పోచంపల్లి ఇక్కత్‌లో, నేతకు ముందే రంగు అద్దిన దారం మగ్గం మీద పక్క దారంతో కలిసి అంచులు చెదిరిన బొమ్మగా మారుతుంది. అక్కడ నిలబడి ఈ వాదాన్ని చదివితే అది పండితుల కాలక్షేపంలా అనిపించదు.

నాకు మాత్రం కుమ్మరి ఆము దగ్గర జరిగే వాదమే ఎక్కువ ఇష్టం. పచ్చికుండ నల్లగా ఉంటుంది, కాలిన కుండ ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు ఎప్పుడు, ఎక్కడ పుట్టింది? వైశేషికులు సాహసించారు. వేడికి కుండ పరమాణువుల దాకా విడిపోతుంది, ఒక్కో పరమాణువు రంగు మారుతుంది, మళ్ళీ అన్నీ కలిసి ఎర్రకుండ అవుతాయి అన్నారు. ఇది చూసే కంటికి అందనంత వేగంగా జరిగిపోతుందట. నైయాయికులు ఒప్పుకోలేదు. ఆములో పెట్టినవి ఎన్నో తీసినవీ అన్నే, మీద గీసిన గుర్తు అలాగే ఉంది, ఒకదానిమీద ఒకటి పేర్చినవి కూలలేదు. కుండకు సన్న రంధ్రాలుంటాయి, వాటిలోంచి వేడి దూరి కుండ కుండగానే కాలింది అన్నారు. రెండు పక్షాలకూ రంగు వస్తువులోనే ఉందన్న నమ్మకం ఒకటే. తేడా ఏ పరిమాణంలో ఉందన్నదే. ఇప్పటి రసాయన శాస్త్రం మట్టిలోని ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం వల్ల ఎరుపు వస్తుందంటుంది. కానీ ‘ఇనుప ఆక్సైడు అణువు ఒక్కటే ఉంటే అది ఎర్రగా ఉంటుందా?’ అని అడిగితే వైశేషికుల సందేహం మళ్ళీ లేచి కూర్చుంటుంది.

ఆధునిక తత్వవేత్తల్లో ఈ పక్షాన గట్టిగా నిలబడినవాళ్ళు అలెక్స్ బర్న్, డేవిడ్ హిల్బర్ట్. 2003లో వాళ్ళు రాసిన వ్యాసం ప్రకారం వస్తువు తనమీద పడిన కాంతిలో ఏ తరంగాన్ని ఎంత వెనక్కి పంపుతుందన్నదే దాని రంగు. ట్యూబ్‌లైటు మారినా ఈ నిష్పత్తి మారదు కనుక చీర రంగూ మారదు. వినడానికి బాగుంది. చిక్కల్లా మ్యాచింగ్ సెంటర్ దగ్గర వస్తుంది. జాకెట్టు గుడ్డ, చీర వెనక్కి పంపే తరంగాలు వేరువేరు, అయినా ట్యూబ్‌లైటు కింద కంటికి ఒకటే. పగటి వెలుగులోనూ విడదీయలేని ఇలాంటి జంటలుంటాయి. అలాంటివన్నీ కలిపి ఒక జాతిగా లెక్కపెట్టాలని వాళ్ళ సమాధానం. కానీ ఏవి ఒక జాతి అని తేల్చేది మన కన్నే కదా! ముందు గుమ్మంలోంచి బయటికి పంపిన కంటిని పెరటి గుమ్మంలోంచి పిలిచినట్టుంది.

రెండో జవాబు రంగును వస్తువులోంచి పూర్తిగా ఊడబెరుకుతుంది. ప్రాచీన గ్రీసులో డెమోక్రిటస్ ఉన్నవి పరమాణువులూ శూన్యమే, రంగు మనం అనుకోవడంలో ఉందన్నాడు. 1623లో గెలీలియో ఇంకొంచెం ముందుకెళ్ళి, చూసే ప్రాణిని తీసేస్తే రంగు, రుచి, వాసన వట్టి పేర్లుగా మిగులుతాయని రాశాడు. గాజు పట్టకంతో వెలుగును విడదీసి చూపిన న్యూటన్‌ను మన పాఠ్యపుస్తకాలు ‘తెల్లని వెలుగులో ఏడు రంగులున్నాయని కనిపెట్టినవాడు’ అంటాయి. 1704 నాటి తన ఆప్టిక్స్ గ్రంథంలో ఆయనే కిరణాలకు రంగు లేదని, మనలో ఫలానా రంగు అనుభూతిని రేపే శక్తి మాత్రమే వాటికుందని స్పష్టంగా చెప్పుకున్నాడు. ఏడు అన్న లెక్క కూడా సంగీత స్వరాలతో పోలిక కుదరడం కోసం ఆయన ఎంచుకున్నది. ఈ రెండు సంగతులూ పాఠంలో ఉంటే, ఇంద్రధనుస్సు గీసే పిల్లలు ఏడు చారలకు స్కేలు పెట్టకుండా ఒకసారి ఆకాశం వంక చూసేవాళ్ళు.

ఆకాశం దగ్గర మన దారి, పడమటి దారి చిత్రంగా కలుస్తాయి. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లో, లేని గుణాన్ని ఒకదానిమీద ఎలా అంటగడతామో చెప్పడానికి ఆకాశాన్నే ఉదాహరణగా తెచ్చారు. కంటికి ఆనని దానికి కూడా ఒక తలం, ఒక మలినపు రంగు ఉన్నట్టు తెలియనివాళ్ళు భావిస్తారని ఆయన మాట. స్ఫటికం పక్కన మందారం పెడితే స్ఫటికం ఎర్రగా కనిపించడం వేదాంతుల మరో ఉదాహరణ. పువ్వు తీస్తే ఎరుపు పోతుంది, స్ఫటికానికి ఏమీ కాలేదు. 1921లో సర్ సి.వి. రామన్ ఐరోపా నుంచి ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రపు నీలాన్ని చూశారు. విశాఖపట్నంలో చదువుకున్న కుర్రవాడిగా ఆయనకు సముద్రం కొత్త కాదు. సముద్రపు నీలం ఆకాశానికి ప్రతిబింబం మాత్రమేనని లార్డ్ రేలీ చెప్పిన మాట అప్పట్లో చెల్లుబాటులో ఉంది. అంటే సముద్రం స్ఫటికం, ఆకాశం మందారం. రామన్ చేతిలోని నికాల్ పట్టకంతో నీటిమీది ప్రతిబింబపు మెరుపును అణచివేసి చూశారు. నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. ఆ నీలం నీటిదే. కాంతి చెదిరే తీరు మీద అక్కడ మొదలైన పనే 1928లో రామన్ ఎఫెక్ట్‌కు, 1930లో నోబెల్ బహుమతికి చేరింది. చివరి దశలో ఆయన పూల రంగుల మీద, కంటిచూపు మీద పనిచేసి, 1968లో చూపు మీద ఒక గ్రంథమే ప్రకటించారు. పువ్వు తీసేసి స్ఫటికాన్ని చూడాలన్న వేదాంతి పద్ధతిని ఆయన ప్రయోగంగా మార్చారు. ఫలితం మాత్రం ఎదురు పక్షానికి సాయపడింది. అందుకే ఈ ప్రశ్నలో సిద్ధాంతం కన్నా చూసే పద్ధతిని ఎక్కువ గౌరవించాలని నా అభిప్రాయం.

రంగు వట్టి అనుభూతే అన్న పక్షానికి మన కాలంలో బలమైన పుస్తకం సి.ఎల్. హార్డిన్ 1988లో రాసిన ‘కలర్ ఫర్ ఫిలాసఫర్స్’. ఆయన వాదమంతా ప్రయోగశాల నుంచి తెచ్చినదే. పసుపు ఛాయ గానీ నీలి ఛాయ గానీ లేని అచ్చమైన ఆకుపచ్చను చూపించమని మంచి చూపున్నవాళ్ళనే అడిగితే, ఒకరు 490 నానోమీటర్ల దగ్గర, మరొకరు 520 దగ్గర వేలు పెడతారు. ఇద్దరి కళ్ళూ ఆరోగ్యంగానే ఉన్నాయి. అచ్చమైన ఆకుపచ్చ వస్తువులోనే ఉంటే వాళ్ళలో ఒకరు తప్పు చూస్తున్నట్టు. ఎవరో చెప్పడానికి ఆధారం ఏదీ లేదు. 2015లో ఒక గౌను ఫోటో లోకాన్ని రెండుగా చీల్చింది. కొందరికి నీలం–నలుపు, కొందరికి తెలుపు–బంగారు రంగు. ఒకే ఇంట్లో, ఒకే ఫోన్ మీద. అసలు గౌను నీలం–నలుపేనని తేలినా తెల్లగా చూసినవాళ్ళకు తెల్లగానే కనిపించింది.

మూడో జవాబు వస్తువుకూ కంటికీ మధ్య ఉంది. నా మొగ్గు ఇటే. జాన్ లాక్ 1690లో దీనికి పునాది వేశాడు. రంగు వస్తువులోని శక్తి, అయితే అది చూసేవాళ్ళ మీద పనిచేసే శక్తి. వెలుగు ఆపేస్తే ఎర్రరాతికి రంగు ఉండదన్నాడు. జోనథన్ కోహెన్ 2009లో ‘ది రెడ్ అండ్ ది రియల్’లో దీన్ని ఇంకా సాగదీసి, ఎరుపు అనేది ఒక చుట్టరికం లాంటిదన్నాడు. ఒక మనిషి విడిగా మేనమామ కాలేడు, మేనల్లుడో మేనకోడలో ఉండాలి. వస్తువు కూడా విడిగా ఎరుపు కాలేదు, ఈ కంటికి ఈ వెలుగులో ఎరుపు. పోలిక నాది, సారం ఆయనది. మజ్వీటా చిరిముటా 2015లో మరో అడుగు వేసింది. రంగు వస్తువుకూ కాదు, మనసుకూ కాదు, చూడడమనే పనికి చెందిన గుణమంటుంది.

ఈ జవాబును నమ్మించడానికి తత్వశాస్త్రం అక్కర్లేదు, డబుల్ షేడ్ పట్టుచీర చాలు. పడుగు ఒక రంగు, పేక మరో రంగు. నెమలికంఠం అని ముద్దుగా పిలుచుకునే చీర ఇటు తిప్పితే నీలం, అటు తిప్పితే పచ్చ. రెండు వేల ఏళ్ళ కిందట రోమన్ కవి లుక్రీషియస్ రంగు పరమాణువుల్లో లేదని నిరూపించడానికి తెచ్చిన సాక్ష్యం కూడా ఎండలో పావురం మెడ, నెమలి పింఛం. ఇలాంటి చీర రంగేమిటని అడిగితే నేతగాడు ఒక రంగు చెప్పడు, పడుగేదో పేకేదో చెబుతాడు. కట్టుకున్నావిడ నడిస్తే తప్ప దాని రంగు పూర్తి కాదు.

రంగుకు పక్కింటి రంగుతోనూ చుట్టరికముంది. 1824లో పారిస్‌లోని గోబెలాఁ నేతశాల అద్దకం విభాగానికి అధిపతి అయిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ దగ్గరికి ఒక ఫిర్యాదు వచ్చింది. నల్ల దారం సరైన నలుపు రావడం లేదని. ఆయన దారాన్ని పరీక్షించాడు, లోపం లేదు. లోపం పక్కనున్న నీలం, ఊదా దారాల్లో ఉంది, అవి నలుపును వెలవెలబోయేలా చేస్తున్నాయి. 1839లో ఆయన రాసిన పుస్తకం తర్వాతి తరం చిత్రకారులకు చేతిపుస్తకమైంది. 1963లో జోసెఫ్ ఆల్బర్స్ తన ‘ఇంటరాక్షన్ ఆఫ్ కలర్’లో దీన్నే తరగతి గది పాఠాలుగా మార్చాడు. ఒకే కాగితం ముక్కను రెండు వేరు నేపథ్యాల మీద అంటించి రెండు రంగులుగా కనిపించేలా చేయమని విద్యార్థులను అడిగేవాడు. నా దృష్టిలో మన పోటీకి ఇది తిరుగులేని నమూనా. బొమ్మ వ్యాసానికి అలంకారం కాకూడదు, వ్యాసంలోని వాదానికి రుజువు కావాలి. ఇరవై రూపాయల రంగు కాగితాలతో ఏ ఊరి బడిలోనైనా చేయగల రుజువు ఇది.

ఇక భాష. 1858లో గ్లాడ్‌స్టన్, తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన మనిషే, హోమర్ కావ్యాల్లో సముద్రం ద్రాక్షసారా రంగులో ఉండటం, తేనె పచ్చగా ఉండటం చూసి ఆశ్చర్యపోయాడు. ప్రాచీన గ్రీకులకు రంగు చూపు ఇంకా పెరగలేదేమో అనుకున్నాడు. 1969లో బ్రెంట్ బెర్లిన్, పాల్ కే 98 భాషలను పరిశీలించి, మూల రంగుల పేర్లు భాషల్లో ఒక క్రమంలో పుడతాయని, మొదట నలుపు తెలుపులు, తర్వాత ఎరుపు, ఆపైన పసుపు, ఆకుపచ్చ, తర్వాత నీలం అని చెప్పారు. ఆ క్రమాన్ని తర్వాత వాళ్ళే చాలాసార్లు దిద్దుకున్నారు. రష్యన్ భాషలో లేత నీలానికీ ముదురు నీలానికీ వేరువేరు మూల పదాలున్నాయి. ఆ రెండింటి సరిహద్దు దగ్గర రష్యన్లు ఛాయలను ఇంగ్లీషువాళ్ళకన్నా చురుగ్గా విడదీస్తారని 2007లో ఒక ప్రయోగం చూపింది.

మనకు అంత దూరం ఎందుకు? మన ‘పచ్చ’ ఉంది. పచ్చని చేను అంటే ఆకు రంగు. పచ్చకామెర్లు అంటే పసుపు రంగు. పచ్చటి మేనిఛాయ అంటే మేలిమి బంగారపు ఛాయ. పచ్చబొట్టు అయితే నీలానికి దగ్గర. ‘నీ కడుపు పచ్చగా ఉండ’ అన్నప్పుడు రంగే లేదు, జీవం ఉంది. పచ్చి అన్న మాటకు అది ఇరుగుపొరుగు. తేడా అవసరమైనప్పుడు ఆకుపచ్చ, పసుపుపచ్చ, చిలకపచ్చ అని ముందో విశేషణం తగిలించుకుంటాం. మరి తెలుగువాళ్ళకు ఆకుకూ పసుపుకొమ్ముకూ రంగు తేడా కనిపించలేదా? కనిపించకేం! వరిచేను నారుగా ఉన్నప్పటి నుంచి పంటకొచ్చేదాకా చూసిన జాతి ఆ రెండిటినీ ఒకే వస్తువు ప్రయాణంగా చూసి ఒకే మాట పెట్టిందేమో అని నా ఊహ. ఊహే, రుజువు లేదు. అయితే గ్లాడ్‌స్టన్ చేసిన పొరపాటుకు మన నోట్లోనే సమాధానముందని పిల్లలు తెలుసుకోవడం ముఖ్యం. పేరు ఒకటైతే చూపు ఒకటి కానక్కర్లేదు.

పేర్ల విషయంలో చీరల కొట్టును మించిన నిఘంటువు లేదు. ఉల్లిపొర, చింతపిక్క, మిరపపండు, వంగపండు, కనకాంబరం, మామిడిపిందె, ఇటుక, కాఫీపొడి. ఇవన్నీ వస్తువు పేర్లే. రంగు గుణమా, వస్తువా అని తార్కికులు తెగ తర్కించుకుంటే మనవాళ్ళు గుణాన్ని వస్తువు పేరుతోనే పిలిచి గొడవ తప్పించారు. ఇప్పుడు ఈ మాటల చోట ఆనియన్ పింక్, రస్ట్, టీల్ వస్తున్నాయి. పోటీలో పాల్గొనే ప్రతి విద్యార్థీ తన ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో వాడే పది రంగుల పేర్లు అడిగి తెచ్చి, ఆ పది రంగులనూ కలిపి కాగితం మీద పూసి చూపించాలన్న నిబంధన పెడితే, బహుమతులు ఎవరికొచ్చినా మనకు మిగిలేది చాలా ఉంటుంది.

నాలుగోది ఒంటరి ప్రశ్న. నాకు కనిపించే ఎరుపే నీకూ కనిపిస్తోందా? లాక్ దీన్ని రెండు పూలతో అడిగాడు. ఒకడికి వయొలెట్ పువ్వు కలిగించే అనుభూతి ఇంకొకడికి బంతి లాంటి పసుపు పువ్వు కలిగిస్తే, ఇద్దరూ పుట్టినప్పటి నుంచి మాటలు ఒకేలా వాడుతుంటే, ఆ తేడా ఎన్నటికైనా బయటపడుతుందా? 1982లో ఫ్రాంక్ జాక్సన్ మేరీ అనే శాస్త్రవేత్తను ఊహించాడు. ఆమె పుట్టి పెరిగింది నలుపు తెలుపుల గదిలో. రంగు చూపు గురించి శాస్త్రం చెప్పగలిగిందంతా ఆమెకు తెలుసు. ఒకరోజు బయటికొచ్చి ఎర్రటి టమాటా చూసింది. కొత్తగా ఏమైనా తెలుసుకుందా? తెలుసుకుందని జాక్సన్ వాదించాడు, కొన్నేళ్ళ తర్వాత ఆయనే మనసు మార్చుకున్నాడు. దీని మీద గుట్టలుగా పుస్తకాలు వచ్చాయి. నా మట్టుకు ఊహల్లోని మేరీ కన్నా నిజంగా బతికిన జాన్ డాల్టన్ ఎక్కువ నేర్పుతాడు.

పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టనే. ఒక గులాబీ రంగు జెరేనియం పువ్వు పగలు ఆయనకు నీలంగా కనిపించేది, కొవ్వొత్తి వెలుగులో ఎర్రగా మారిపోయేది. చుట్టూ ఉన్నవాళ్ళకు అలాంటి మార్పేమీ కనిపించలేదు, ఆయన అన్నకు తప్ప. 1794లో తన చూపు గురించి తానే సభలో చదివి వినిపించాడు. తన కంటిలోపలి ద్రవం నీలంగా ఉండి ఉంటుందని, తాను పోయాక కోసి చూడమని చెప్పాడు. 1844లో ఆయన పోయాక వైద్యుడు కోసి చూశాడు, ద్రవం తేటగా ఉంది. దాచి ఉంచిన ఆ కంటి ముక్క నుంచి 1995లో డీఎన్ఏ తీసి పరీక్షిస్తే, మధ్య తరంగాలను పట్టే కణాల వర్ణకం ఆయనకు లేదని తేలింది. తన చూపును తానే ప్రశ్నించుకుని, జవాబు కోసం కన్నే రాసిచ్చిన మనిషి ఆయన. రంగుల మీద ఇంత నిజాయితీ ఇంకెక్కడా నాకు కనబడలేదు.

ఇక్కడ పోటీ నిర్వాహకులకు ఒక విన్నపం. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియని చూపు ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్ళలో దాదాపు 12 మందిలో ఒకరికి ఉంటుంది. మన దేశంలో కొంత తక్కువ, కానీ అరుదు కాదు. ఆడపిల్లల్లో చాలా అరుదు. మగపిల్లలున్న పెద్ద తరగతుల్లో ఒకరో ఇద్దరో ఉండే అవకాశం ఎప్పుడూ ఉంది. చెట్టుకు గోధుమ రంగు వేశాడని, ఆవుకు పచ్చ పూశాడని చెవి మెలేసిన మాస్టార్లు ఎందరో. అలాంటి కుర్రవాడు ఈ పోటీలో పాల్గొంటే అతని బొమ్మను తప్పుల పట్టికలో వేయకూడదు, ముందు వరసలో పెట్టాలి. ‘నాకు ఇలా కనిపిస్తుంది’ అని అతను రాసే ఒక్క పేజీ, మేరీ గురించి ఎవరో రాసిన పది పేజీలకన్నా విలువైనది. వర్ణాంధత్వం అన్న మాట కూడా నాకు నచ్చదు. అందులో అంధత్వం ఎక్కడుంది? పక్షుల్లో చాలావాటికి నాలుగు రకాల రంగు కణాలున్నాయి, మనకు మూడే. వాటి లెక్కన మనమందరం ఒక రంగు తక్కువైనవాళ్ళమే.

కొత్త రంగు పుట్టగలదా అన్న ప్రశ్నకు ఈమధ్యే ఒక విచిత్రమైన జవాబు వచ్చింది. 1739లో హ్యూమ్, ఒక్క ఛాయ తప్ప మిగతా నీలాలన్నీ చూసినవాడు ఆ ఖాళీని ఊహతో పూరించగలడా అని అడిగి, పూరించగలడన్నాడు. 1950–51లో, జీవితపు చివరి నెలల్లో విట్గెన్‌స్టైన్ ఎర్రటి ఆకుపచ్చ ఎందుకు ఉండదు, గాజులా పారదర్శకమైన తెలుపు ఎందుకు ఉండదు అని నోటు పుస్తకం నిండా రాసుకున్నాడు. 2025లో బర్క్‌లీ శాస్త్రవేత్తలు లేజరుతో కంటిలోని మధ్య తరంగాల కణాలను మాత్రమే విడిగా తాకి, ప్రకృతిలో ఏ కాంతీ కలిగించలేని ఒక నీలి–ఆకుపచ్చను అయిదుగురికి చూపించారు. దానికి ‘ఓలో’ అని పేరు పెట్టారు. ఏ వస్తువుకూ లేని రంగు, ఏ బొమ్మలోనూ పూయలేని రంగు. వస్తువాదులు దీనికి ఏం చెబుతారో వేచి చూడాలి.

ఇంతదాకా చెప్పిన రంగులకు బరువు లేదు. బరువున్న రంగు ఒంటిరంగు. చిన్నపిల్లల క్రేయాన్ పెట్టెలో ఒక లేత పీచు రంగు ముక్కను మన పిల్లలు ఇప్పటికీ ‘స్కిన్ కలర్’ అంటారు. అమెరికాలో క్రేయోలా కంపెనీ ఆ రంగుకున్న ‘ఫ్లెష్’ అన్న పేరును 1962లోనే ‘పీచ్’గా మార్చింది. మన దగ్గర పెట్టె మీద రాసి ఉన్నా లేకపోయినా మాట మాత్రం బతికే ఉంది. తరగతిలో నలభైమంది పిల్లలుంటే ఒక్కరి ఒంటిరంగు కూడా ఆ ముక్కతో కలవదు. అయినా అందరూ ‘స్కిన్ కలర్ ఇవ్వరా’ అని దాన్నే అడుగుతారు. 1975 నుంచి ఈ దేశంలో అమ్ముడైన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరులోని ‘ఫెయిర్’ను వదులుకుంది. పెళ్ళిచూపుల మాటల్లోంచి ‘చామనఛాయ’ అన్నప్పుడు వినిపించే ఆ చిన్న నిట్టూర్పు ఇంకా పోలేదు. నలుపు, తెలుపు, ఎరుపు అని మనుషులను పిలిచేటప్పుడు మనం వాడుతున్నవి రంగుల పేర్లు కావు. ఏ మనిషీ తెల్లకాగితమంత తెల్లగా లేడు, బొగ్గంత నల్లగా లేడు. తత్వశాస్త్ర గ్రంథాలు దీన్ని వేరే అధ్యాయానికి వదిలేస్తాయి. పిల్లల పోటీ వదిలేయకూడదు. తన ముంజేతి రంగును మూడు డబ్బాల నుంచి కలిపి తయారు చేసి, దానికి ఒక పేరు పెట్టమని అడిగితే చాలు.

చివరికి నేను ఎంచి పంపిన అంశం శ్రీకాళహస్తి కలంకారీ నుంచి వచ్చింది. గుడ్డను ముందు కరక్కాయ రసం కలిపిన పాలలో నానబెట్టి ఆరబెడతారు. ఇనుప తుక్కు, బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీసిన కసింలో కలం ముంచి గీస్తే, కరక్కాయ పట్టిన గుడ్డ తాకగానే గీత నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట మాత్రం కళాకారుడు ఎర్రరంగు పూయడు. పటిక నీళ్ళు పూస్తాడు. అది ఆరాక చూస్తే అక్కడ దాదాపు ఏమీ కనిపించదు. తర్వాత గుడ్డను పారే నీటిలో జాడించి, చిరివేరు లాంటి వేర్ల రంగునీళ్ళలో ఉడికిస్తారు. పటిక తాకిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది, మిగతా చోట కడిగేస్తే పోతుంది. పటిక పూసినప్పుడే ఎరుపు ఎక్కడ రావాలో నిశ్చయమైపోయింది, కానీ ఎరుపు ఇంకా లేదు. నీలిమందులోనూ ఇలాంటిదే జరుగుతుంది. తొట్టిలోంచి తీసిన గుడ్డ పసుపుపచ్చగా ఉండి, గాలి తగిలాక మన కళ్ళముందే నీలమవుతుంది.

పోటీకి నేను రాసి పంపిన ప్రశ్న ఇది: పటిక పూసి ఆరబెట్టిన గుడ్డ నీ ముందు ఉంది, ఇంకా ఉడికించలేదు. ఆ ఎరుపు ఇప్పుడు ఎక్కడ ఉంది? గుడ్డలోనా, పటికలోనా, వేరులోనా, గీసినవాడి మనసులోనా, రేపు చూడబోయే నీ కంటిలోనా? మూడు పేజీల్లో రాయి. తర్వాత ఒక బొమ్మ వెయ్యి. అందులో కనిపించని గీత ఒకటి తప్పకుండా ఉండాలి.